తూర్పు బెంచీలు, పడమటి బెంచీలు

నరసరావుపేటలో టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో ఒకసారి మాకు సినిమా చూపిస్తారని నోటీసు బోర్డులో పెట్టారు. హాస్టలంతా ఒకటే సంబరం. తలంట్లు పోసుకున్నవాళ్ళు కొందరు, పూలు తెప్పించుకున్నవాళ్ళు కొందరు. తీరా చూస్తే అది పాటలూ కత్తియుద్ధాలూ ఉన్న సినిమా కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు తరగతిని ఎలా అదుపులో పెట్టుకోవాలో నేర్పే సినిమా. ఎక్కడో దొరల దేశంలో తీశారు. మాటలన్నీ ఇంగ్లీషు.

మధ్యాహ్నం పూట హాలు కిటికీలకు జంపఖానాలు కట్టి చీకటి చేశారు. అసలే ఎండాకాలం, లోపల ఉడికిపోయాం. గుంటూరు నుంచి వ్యానులో వచ్చినాయన ప్రొజెక్టరు ఆడిస్తుంటే అది టకటకమని ఒకటే రొద. తెర పక్కన మా మాష్టారు నిలబడ్డారు, మాకు తెలుగులో చెప్పడానికి. తెర మీద టీచరు గుక్క తిప్పుకోకుండా మాట్లాడితే మా మాష్టారు చెవి రిక్కించి అంతా విని, "అంటే... ఓర్పు" అనేవారు. మళ్ళీ ఇంకో పెద్ద ప్రసంగం. "అంటే... ప్రేమ" అనేవారు. వెనక వరసలో అమ్మాయిలు పైట కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు.

నేను నవ్వలేదు. ఆ సినిమాలో ఒకే పాఠాన్ని రెండుసార్లు చూపించారు. మొదటిసారి ఆ టీచరు విసుక్కుంటాడు, వెటకారాలు చేస్తాడు, బల్ల గుద్దుతాడు. పిల్లలు గది పీకి పందిరి వేస్తారు. రెండోసారీ అదే మనిషి, అదే గది, అదే పిల్లలు. ఈసారి ఆయన వచ్చి నిలబడి, గోల సద్దుమణిగేదాకా మాట్లాడకుండా చూస్తాడు. పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తాడు. కబుర్లాడేవాళ్ళను విడదీసి తలోచోట కూర్చోబెడతాడు. అల్లరిలో ముందుండేవాళ్ళను తన కళ్ళ ముందు, మొదటి బెంచీలో వేసుకుంటాడు. అంతే, తరగతంతా పాఠంలో పడిపోతుంది. ఒక్క దెబ్బ కొట్టడు.

నేను తొడపాశాలూ గోడకుర్చీలూ అనుభవించి పైకొచ్చినదాన్ని. మా ఊరి మిషన్ బళ్ళో ఎక్కం తప్పితే రూళ్ళకర్రతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. ఇప్పటికీ చలికాలంలో నా ఎడమ చేతి వేలొకటి సలుపుతుంది. పిల్లల్ని కొట్టకుండా చదువు చెప్పొచ్చని నేను కళ్ళారా చూసింది ఆ తెర మీదే. ఆ దొర మాట ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, చేసిందంతా నాకు కంఠస్థమైపోయింది. నేనూ అలాగే చెప్తానని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. పట్టు పడితే వదలని పాడు బుద్ధి నాది. మా అమ్మ దాన్ని మొండితనం అనేది.

అరవైల మొదట్లో మాచర్లకూ దుర్గికీ మధ్య ఒక ఊళ్ళో, సమితి స్కూల్లో నాకు ఉద్యోగం వచ్చింది. టెంపరరీ. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వచ్చి, నా పాఠం విని, తరగతి నా అదుపులో ఉందని రాస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోవడమే. ఇల్లంటే సత్తెనపల్లి దగ్గర మా పల్లె. అక్కడ మా అమ్మ మిరప కోతలకు పోయేది. సెలవుల్లో నేనూ పోయేదాన్ని. ఆ పని తప్పని కాదు, కానీ నేను తిరిగి వస్తే అది నా ఒక్కదానితో పోదు. మా క్రైస్తవుల పేటలో మిషన్ బడి దాటి సర్కారు బళ్ళో టీచరైన మొదటి ఆడపిల్లను నేను. నా వెనక చదువుకుంటున్న పిల్లలుండేవాళ్ళు. "అది చదివి ఏం ఉద్ధరించింది, నువ్వు రా కోతకి" అని వాళ్ళ పుస్తకాలు మూయిస్తారు. ఆ భయం పగలంతా నన్ను వదిలేది కాదు.

మా హెడ్మాష్టరు గారు చెడ్డవారు కాదు, పిరికివారు. మొదటి రోజు నా గొంతు వినగానే ఆయన ముఖం వాడిపోయింది. నాది సన్న గొంతు, దానికి తోడు బక్కపలచటి మనిషిని.

"ఈ గొంతేసుకుని ఆరో తరగతికి పాఠం చెప్తావా అమ్మా? వాళ్ళు రాక్షసులు" అని ఒక కానుగ బెత్తం తెచ్చి నా చేతిలో పెట్టారు. నేను దాన్ని బీరువా మీద పడేశాను.

ఆరో తరగతి గదికి మధ్యలో నడవడానికి దారి ఉండేది. దానికి తూర్పున కొన్ని బెంచీలు, పడమట కొన్ని. ఇవి కాక వెనక గోడవారగా నేల మీద గోనెపట్టాలు. ఆ పట్టాల మీద ఆ ఊరి క్రైస్తవుల పేట పిల్లలు కూర్చునేవాళ్ళు. బెంచీల్లో చోటు లేక కాదు. ఎవరు కూర్చోమన్నారని అడిగితే, ఎవరూ అనలేదనే చెప్పారు. నేనూ అలాంటి పేట నుంచి వచ్చినదాన్నే కాబట్టి ఇంకోసారి అడగలేదు.

సినిమాలో చూసినట్టు మొదటి రోజు మాట్లాడకుండా నిలబడ్డాను, గోల దానంతటదే తగ్గుతుందని. అది తగ్గలేదు సరిగదా, "ఒరేయ్, టీచరమ్మకి మాట రాదంట్రోయ్!" అని ఎవడో అరిచాడు. ఇంకేముంది, పైకప్పు లేచిపోయింది. పక్క గదిలోంచి హెడ్మాష్టరు గారు బెత్తంతో పరిగెత్తుకొచ్చి, వరసగా నలుగుర్ని బాది, నావైపు జాలిగా చూసి వెళ్ళారు. ఆ జాలి చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఎలాగైనా ఈ తరగతిని దారికి తేవాలి, బెత్తం ముట్టకుండా తేవాలి అనుకున్నాను.

ముందు అందరి పేర్లూ నేర్చుకున్నాను. తర్వాత ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో కనిపెట్టాను. తూర్పు బెంచీల వాళ్ళంతా ఒక గుంపు, పడమటి బెంచీల వాళ్ళంతా ఒక గుంపు. ఏ గుంపులో ఆ గుంపుకి ఒకటే కబుర్లు. దారికి అటూ ఇటూ మాత్రం వెక్కిరింతలు, సుద్దముక్కలు విసురుకోవడాలు. తూర్పు గుంపుకి ఒక పొడుగాటి పిల్లాడు పెద్ద, పడమటి గుంపుకి ఒక పొట్టి పిల్లాడు పెద్ద. తూర్పు వీధి పిల్లలు తూర్పున, పడమటి వీధి పిల్లలు పడమట కూర్చుంటున్నారు కాబోలు, స్నేహాలు కదా అనుకున్నాను. మా ఊళ్ళో అలాగే ఉండేది.

ఒక సోమవారం పొద్దున్న అందర్నీ లేపి గోడవార నిలబెట్టి, ఒక్కొక్కర్నే పేరు పెట్టి పిలిచి, అటు వాళ్ళను ఇటు, ఇటు వాళ్ళను అటు కలిపేశాను. తూర్పు పెద్దనీ పడమటి పెద్దనీ ఒకే బెంచీలో, మొదటిదాంట్లో, నా ముక్కు కింద కూర్చోబెట్టాను. గోనెపట్టాలు చుట్టి మూలన పడేసి ఆ పేట పిల్లల్ని కూడా బెంచీల మీదికి ఎక్కించాను. వాళ్ళలో ఒక ఆడపిల్ల బెంచీ అంచున సగం కూర్చుని, సగం గాల్లోనే ఉండిపోయింది.

ఇంక చూడండి! చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. ఒక్కడు పక్కవాడితో మాట్లాడడు. ఒక్కడు పక్కవాడి వైపు చూడడు. నాకు ఒళ్ళంతా పులకరించింది. నా సన్న గొంతు వెనక బెంచీ దాకా వినపడింది. దొర చెప్పింది పల్నాడులోనూ పారిందని లోపల్లోపల గంతులేశాను.

ఇంత నిశ్శబ్దం ఏమిటా అని హెడ్మాష్టరు గారు గుమ్మంలోంచి తొంగి చూశారు. "ఏం మంత్రం వేశావమ్మా?" అని నవ్వబోయి, మొదటి బెంచీ చూసి నీరుకారిపోయారు. వేలు ఊపి నన్ను వసారాలోకి పిలిచారు.

"ఎంత పని చేశావమ్మా! ఆ పొడుగువాడు ఎవరనుకున్నావు, పంచాయతీ ప్రెసిడెంటు గారబ్బాయి. వాడి పక్కన కూర్చోబెట్టిన పొట్టివాడు ఎవరనుకున్నావు, ఆయన మీద పోటీ చేసి ఓడిపోయినాయన కొడుకు. పోయిన ఎన్నికల్లో ఈ ఊళ్ళో తలకాయలు పగిలినై. తూర్పున కూర్చునేది ప్రెసిడెంటు పార్టీ, పడమట కూర్చునేది ఎదర పార్టీ. వాళ్ళు కిరాణా కొట్టు కూడా వేరే పెట్టుకున్నారు. వీళ్ళ బావిలో వాళ్ళు చేద వెయ్యరు."

"పిల్లలకు కూడా పార్టీలేంటండీ?" అన్నాను.

"ఈ ఊళ్ళో ఎడ్లకు కూడా ఉందమ్మా పార్టీ. ముందు నువ్వు పోయి ఎక్కడివాళ్ళను అక్కడ కూర్చోబెట్టు."

అప్పుడర్థమైంది నాకు ఆ నిశ్శబ్దం. వాళ్ళు నా మాట విని ఊరుకోలేదు. శత్రువు పక్కన కూర్చున్నారు గనక ఊరుకున్నారు. సిగ్గూ కోపమూ రెండూ ముంచుకొచ్చాయి. అయినా నేను లోపలికి పోయి బెంచీలు మార్చలేదు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు ఆ నెలలోనే వస్తున్నారని కబురు. మళ్ళీ ఎక్కడివాళ్ళను అక్కడ వేస్తే మళ్ళీ సంతే. ఆ సంత చూసి ఆయన నన్ను ఇంటికి పంపిస్తారు.

"మారుస్తాను గానీ, నా ఉద్యోగం మీరు నిలబెడతారా?" అని అడిగాను.

"నీ ఉద్యోగం దేవుడెరుగు, నా తల నిలబడితే చాలు" అన్నారాయన.

"అయితే మార్చను" అన్నాను. ఆయన నెత్తి కొట్టుకుని వెళ్ళిపోయారు.

మర్నాడే ప్రెసిడెంటు గారి పాలేరు వచ్చి, అయ్యగారు రమ్మంటున్నారన్నాడు. బడి వదిలాక వెళ్ళాను. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. చుట్టూ ఆయన మనుషులు. నన్ను కూర్చోమనలేదు. కింద నిలబడ్డాను.

"ఏంది టీచరమ్మా, మావోణ్ణి ఆడి పక్కన కూకోబెట్టావంట?"

"అవునండీ. తరగతి గోలగా ఉందని మార్చాను."

"అది సరేలే. ఎవురు చేయించారు?"

"ఎవరూ చేయించలేదండీ. నేనే చేశాను."

అరుగు మీద వాళ్ళంతా నవ్వారు. నేనే చేశానన్న మాట ఆ ఊళ్ళో ఎవరూ నమ్మేలా లేరు. ఎవరైనా ఏదైనా చేశారంటే వెనక ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఎంతకీ వదలకపోయేసరికి నిజం చెప్పేశాను. "ట్రైనింగులో మాకు సినిమా చూపించారండీ. అందులో ఇలా చేశారు. అది చూసి చేశాను."

"సినిమానా?"

"అవునండీ. దొరల సినిమా."

ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. "ఏందీ, మావోణ్ణి తీసకపోయి ఆడి పక్కన కూకోబెట్టమని దొర చెప్పాడా నీకు? ఎవురికి చెప్తన్నావమ్మా కతలు? ఎదర పార్టీ వాళ్ళు నీకు ఏం చెప్పారో ఆ ముక్క చెప్పు."

కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే వాళ్ళ ముందు ఏడవకూడదని పళ్ళు బిగబట్టాను. ఆయన మళ్ళీ కుర్చీలో వెనక్కి వాలి, నెమ్మదిగా అన్నాడు. "ఇన్‌స్పెక్టరు ఒక్క ముక్క రాస్తే మీ ఊరికి పోతావు. యాదుంచుకో. ఆయనొచ్చిన్నాడు ఎనకమాల్నే నేనూ వస్తా. చూస్తా, మావోడు ఎక్కడ కూకుంటాడో."

ఇదయ్యాక రెండో ఆయన ఊరుకుంటాడా? మర్నాడు సైకిలేసుకుని బడి గేటు దగ్గరే కాపు కాశాడు. ఎదర పార్టీ నాయకుడు, ఆ పొట్టివాడి తండ్రి. మాట మెత్తన.

"ప్రెసిడెంటు నిన్ను అరుగు దగ్గిరికి పిలిపించాడంట గదమ్మాయ్. మావోణ్ణి ఆళ్ళోడి కింద తొక్కిపెట్టమని ఆయనేనా చెప్పింది?"

"అయ్యా, వాళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. ఎవరి కిందా ఎవరూ లేరు. సినిమాలో చూసి..."

"ఆ సినిమా సంగతీ విన్నాలే. ఊరంతా ఇదే మాట. సినిమా పేరు చెప్పి తప్పించుకోమని ఆయనే నేర్పాడు గదా?" అని సైకిలెక్కబోతూ ఆగాడు. "మా గొడవలు మాయి, అయ్యెట్నో ఏడుస్తయ్. ఆ ఎనక పట్టాల మీదోళ్ళను బెంచీలు ఎక్కించావంట, అది మాత్తరం బాగలేదమ్మాయ్. ప్రెసిడెంటుకైనా బాగలేదు."

ఆ ఒక్క విషయంలో రెండు పార్టీలదీ ఒకటే మాట. నేనూ అలాంటి పేట మనిషినేనని తెలిసీ నా మొహం మీదే అన్నాడు. ఆ ఊళ్ళో నేను ఉంటున్నదీ ఆ క్రైస్తవుల పేటలోనే, పాస్టరు గారింట్లో. పాస్టరు గారి తల్లిని అందరూ మామ్మ అనేవాళ్ళు. ఆ రాత్రి నేను గిన్నెలు ఎత్తి పడేస్తుంటే మామ్మ అంది, "ఎవురి బిడ్డల్ని ఆళ్ళ పక్కన పడెయ్యవే. నీ నోటికాడ కూడు నువ్వే చెడగొట్టుకుంటావా? మొండిముండా!" నేను అన్నం తినకుండా లేచాను. మామ్మ చెప్పిందాంట్లో తప్పేముంది? కానీ నాకు చెప్పేవాళ్ళందరి మీదా కోపంగా ఉంది.

ఆ మిగిలిన రోజులు నేను బడికి ఎలా వెళ్ళానో నాకే తెలీదు. గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు మొదటి బెంచీ వైపు చూసేదాన్ని, ఆ ఇద్దరూ కొట్టుకుని చావలేదు కదా అని. వాళ్ళిద్దరి మధ్యా పుస్తకాల సంచులు గోడలా నిలబెట్టుకున్నారు. ఒకడి మోచెయ్యి ఆ గోడ దాటితే రెండోవాడు పక్కకు జరిగేవాడు. పెన్సిలు దొర్లి అవతలికి పోతే అడగరు, ఇవ్వరు. అది అక్కడే ఉండేది. మిగతా బెంచీల్లోనూ ఇదే వరస.

ఆ ఏడు లెక్కల పుస్తకాలు మాచర్ల కొట్లకు సరిగా రాలేదు. బెంచీకి ఒక పుస్తకం చొప్పున సర్దాను. మొదటి బెంచీలో పుస్తకం సంచుల మీద మధ్యలో పెట్టుకునేవాళ్ళు. ఎడమ పేజీ తిప్పాలంటే ఒకడు, కుడి పేజీ పట్టుకోవాలంటే ఒకడు. మాట లేకుండానే అలవాటు పడ్డారు. ఒకనాడు నేను బోర్డు మీద లెక్క వేస్తుంటే వెనక సన్నగా గుసగుస వినపడింది.

"తప్పేశావ్ రా."

"నువ్వేశావ్ తప్పు. కింద సంఖ్య మార్చకుండా ఎట్టా కలుపుతావ్?"

భిన్నాల లెక్క. ఆ ఇద్దరే. నా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. వెనక్కి తిరిగితే మాట ఆగిపోతుందని తిరగలేదు. బోర్డు వైపే ముఖం పెట్టి, వేసిన గీతల మీదే మళ్ళీ గీతలు గీశాను. ఆ తర్వాత సంచుల గోడ ఒక్కోరోజు ఒక్కోటి కిందికి దిగింది. మా పేట ఆడపిల్ల అంచున కూర్చోవడం మానేసి బెంచీ మీద పూర్తిగా, కాళ్ళు ఊపుకుంటూ కూర్చోవడం మొదలెట్టింది. గది మళ్ళీ కొంచెం గోల గోలగా తయారైంది గానీ, అది వేరే గోల. "టీచర్, వీడు చూపించట్లేదు టీచర్" అని ఒకడు ఎదర పార్టీ వాడి మీద నాకు పితూరీ చెప్పినప్పుడు నవ్వు ఆపుకోలేక చచ్చాను. పితూరీ చెప్పాలంటే ముందు మాట్లాడుకోవాలి కదా!

డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజు పొద్దున్నుంచీ నాకు అరిచేతుల్లో చెమటలు. ఆయన తెనాలి వైపు మనిషి, ఈ జిల్లా కొసకు కొత్త. ఈ ఊరి సంగతులేవీ ఆయనకు తెలియవు. జీపు దిగిన అధికారిని ప్రెసిడెంటు వెంటబెట్టుకుని బడికి తీసుకురావడం ఆ ఊరి ఆనవాయితీ. ప్రెసిడెంటును అధికారితో ఒంటరిగా వదలకపోవడం ఎదర పార్టీ ఆనవాయితీ. అందువల్ల ఇద్దరు నాయకులూ ఆయన వెనకే మా గదిలోకి వచ్చారు. వసారాలో ఇద్దరి మనుషులూ దుడ్డుకర్రలు గోడకు ఆనించి నిలబడ్డారు. కిటికీలు నల్లబడిపోయాయి. హెడ్మాష్టరు గారు తలుపు చాటున ఉన్నారు, ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏ దేవుణ్ణి తలుచుకుంటున్నారో తెలీదు.

ఇన్‌స్పెక్టరు గారు నా బల్ల పక్కన కుర్చీలో పిల్లలకెదురుగా కూర్చుని "కానీ అమ్మా" అన్నారు. నాయకులిద్దరూ వెనక గోడ దగ్గర నిలబడ్డారు, ఒకాయన తూర్పు మూల, ఒకాయన పడమటి మూల. పెద్ద అధికారి ముందు నోరు జారకూడదని ఇద్దరూ పెదవి బిగించుకుని ఉన్నారు. ముందు ఎవరు నోరు పారేసుకుంటే వాళ్ళదే తప్పవుతుంది.

నేను పాఠం మొదలుపెట్టాను. భిన్నాల కూడిక. నా గొంతు నాకే వినపడలేదు. రెండో లెక్కకు కాస్త నిలదొక్కుకున్నాను. పేరు పెట్టి పిలిస్తే పిల్లలు లేచి జవాబు చెప్తున్నారు. ఇన్‌స్పెక్టరు గారు తల ఊపుతున్నారు. ఇంకొక్క లెక్క గట్టెక్కితే చాలు దేవుడా అనుకున్నాను. మొదటి బెంచీలో ప్రెసిడెంటు గారబ్బాయి పలక మీద లెక్క వేస్తూ మధ్యలో ఆగిపోయాడు. పొట్టివాడు తన పలకను, ఎవరికీ కనపడకూడదని, మోచేత్తో మెల్లగా వాడి వైపు జరిపాడు. పొడుగువాడు ఓరగా చూసి తలూపి మళ్ళీ రాయబోయాడు.

వెనక నుంచి ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నాడు. అంతే, ఒక్కసారి. మాట లేదు.

ఆ పిల్లాడి చెయ్యి అక్కడే ఆగిపోయింది. తల తిప్పి వెనక్కి చూడలేదు. చూడాల్సిన పని లేదు, ఆ గొంతు వాడికి తెలుసు. నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. వాడు నావైపే చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టరు గారూ నావైపే చూస్తున్నారు. నేను పిలవకుండా పిల్లాడు లేచాడు. ఇప్పుడు నేను "కూర్చో" అంటే, వాడు కూర్చుంటే, తరగతి నా అదుపులో ఉన్నట్టు. వాడు కూర్చుంటాడని నాకు తెలుసు, ఎందుకో ఆ నమ్మకం ఉంది. అప్పుడు నా ఉద్యోగం నాకుంటుంది. కానీ సాయంత్రం వాడు ఏ ఇంటికి పోతాడు? వెనకాయన చేతిలో వాడి గతి ఏమవుతుంది? ఆ సినిమాలో పిల్లలు బడి వదిలాక ఇంటికి పోవడం ఎవరూ చూపించలేదు. మా అమ్మా, మా పల్లెలో నా వెనక చదువుకుంటున్న పిల్లలూ అందరూ కళ్ళ ముందు తిరిగారు.

"సరే నాయనా, వెళ్ళు" అన్నాను.

వాడు పలకా సంచీ తీసుకుని దారి దాటి తూర్పు బెంచీలోకి వెళ్ళి కూర్చున్నాడు. తర్వాత పొట్టివాడు లేచాడు. తన సంచీ తీసుకున్నాడు. పడమటికి నడిచాడు. వాడి వెనక ఇంకొకడు. వాడి వెనక ఇంకొకత్తె. ఒక్కొక్క బెంచీ లేస్తోంది. తూర్పువాళ్ళు తూర్పుకి, పడమటివాళ్ళు పడమటికి. దారిలో ఎదురెదురుగా వచ్చినవాళ్ళు పక్కకు తప్పుకుని దారి ఇచ్చుకుంటున్నారు. ఒక్క మాట లేదు. ఒక్క పలక కింద పడలేదు. ఏ బెంచీలో ఏ చోటు ఎవరిదో అందరికీ తెలుసు. నేను సుద్దముక్క పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

చివరికి మా పేట పిల్లలు లేచారు. వాళ్ళలో ఇద్దరు మూలనున్న పట్టాలు తెచ్చి గోడవార పరిచారు. ఆ ఆడపిల్ల బెంచీ దిగి నా బల్ల పక్కగా పోతుంటే, నేను వంగి దాని చెయ్యి పట్టుకుని చెవిలో "నువ్వు అక్కడే కూర్చోవే" అన్నాను.

"వొద్దులే టీచర్, డిప్టీ గారు ఉన్నారు" అని అది కూడా చెవిలోనే చెప్పి, చెయ్యి విడిపించుకుని, పోయి పట్టా మీద పరికిణీ సర్దుకుని కూర్చుంది.

గది మొత్తం మళ్ళీ నేను చేరిన మొదటి రోజున ఉన్నట్టే ఉంది. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. నా చేతిలో లేని తరగతిని ఇన్‌స్పెక్టరు గారు కళ్ళారా చూశారు.

ఇన్‌స్పెక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "శభాష్!" అన్నారు. "నా సర్వీసులో ఇలాంటి క్రమశిక్షణ చూళ్ళేదమ్మా. నువ్వు ఒక్కణ్ణి పంపిస్తే చాలు, మిగతావాళ్ళంతా చప్పుడు లేకుండా ఎక్కడివాళ్ళక్కడ సర్దుకున్నారు! ఏం డ్రిల్లు! నువ్వే నేర్పావా?"

"నేను కాదండీ. ఊరు నేర్పింది" అన్నాను.

ఆయన గట్టిగా నవ్వారు. "వినయం కూడా ఉంది" అని హెడ్మాష్టరు గారి వైపు తిరిగి, నా ఉద్యోగం ఖాయం చేస్తున్నానని అక్కడే చెప్పేశారు.

"టీచరమ్మ చానా మంచిది సార్" అన్నాడు తూర్పు మూల నుంచి ప్రెసిడెంటు.

"చానా మంచిదండీ" అన్నాడు పడమటి మూల నుంచి రెండో ఆయన.

అందరూ వెళ్ళిపోయారు. వసారాలో కర్రలు తీసుకుంటున్న చప్పుడు, జీపు చప్పుడు వినపడ్డాయి. నేను బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను, పిల్లలు నా ముఖం చూడకూడదని. నాకు వచ్చిన ఉద్యోగం మీద నాకే అసహ్యం వేసింది.

వెనక పట్టాల మీద నుంచి ఆ ఆడపిల్ల గొంతు వినపడింది.

"టీచర్, ఇంక మిమ్మల్ని ఇంటికి పంపించరుగా?"

వెనక్కి తిరిగి చూశాను. పొడుగువాడు తూర్పు నుంచి, పొట్టివాడు పడమటి నుంచి, మిగతావాళ్ళంతా ఎవరి చోట్లలోంచి వాళ్ళు, నా జవాబు కోసం చూస్తున్నారు. తరగతి గోల చేస్తే నన్ను ఇంటికి పంపించేస్తారని వాళ్ళందరికీ ముందే తెలుసు. తెలిసే, ఒక్క చప్పుడు కూడా చెయ్యకుండా లేచి వెళ్ళారు.

"పంపించరు" అన్నాను. అప్పుడు వాళ్ళ ముందే ఏడ్చేశాను.